పాత సామానులతో పక్షులకు మేతపాత్ర



వరికోతల కాలమున నిండుకంకులను ఏరి, కుచ్చులుగా అల్లి, ఇంటి చూరునకును దేవాలయ మంటపములకును వ్రేలాడగట్టు ఆచారము మనలో పూర్వమునుండి కలదు. వీనిని కొన్నిచోట్ల వరికుంచెలనియు, కొన్నిచోట్ల ధాన్యపు కుచ్చులనియు పిలుతురు. పిచ్చుకలు వానిపై వ్రాలి గింజలను ఒలుచుకొని తినును. ఇప్పుడు అనేక గ్రామములలో ఈ ఆచారము సన్నగిల్లినది. పూరియిండ్లును పెంకుటిండ్లును పోయి మిద్దెలు వచ్చుటచే పిచ్చుకలకు గూడుకట్టుకొను సందులును తగ్గినవి. కావున ఇంట పాఱవేయు వస్తువులతో పైసా ఖర్చు లేక మేతపాత్రను చేయు విధమును, దానివలన చేనికి నష్టము రాకుండ చూచుకొను విధమును ఈ సంచికలో వివరించుచున్నాము.

రైతులు అడుగు ప్రశ్న

ఈ సంగతి ఎత్తగనే సభ్యులు మమ్ము ఒక ప్రశ్న అడుగుదురు. “పిట్టలను పోషింపుమని మీరు చెప్పుచున్నారు. జొన్నచేనిలో మంచె కట్టి, వడిసెల త్రిప్పి వానిని తోలునది మేమే కదా?” ఇది న్యాయమైన ప్రశ్న. పిచ్చుక గింజలు తినదని మేము చెప్పజాలము. పెరిగిన పిచ్చుకకు గింజయే ముఖ్యాహారము. అయితే గూటిలోని పిల్లలకు తల్లిదండ్రులు తెచ్చి పెట్టునది చాలవరకు పురుగులును, మెత్తని లద్దెలునే. ఒక్కొక్క ఈతకు మూడు మొదలు ఐదు వరకు గ్రుడ్లు పెట్టును. పిల్లలు గూడు విడుచుటకు సుమారు రెండు వారములు పట్టును. ఆ దినములలో తల్లియు తండ్రియు తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు పురుగులను ఏరుచునే యుండును.

ఈ లెక్కలో ఒక ప్రక్కనే చూచినవారికి ఏమి జరిగినదో చీనాదేశ చరిత్ర చెప్పును. 1958వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వము ఎలుకలు, ఈగలు, దోమలతోపాటు పిచ్చుకలనుకూడ నిర్మూలింప ఉద్యమము సాగించెను. జనులు పళ్ళెములు మ్రోగించి, పిచ్చుకలను వ్రాలనీయక అలయించి చంపిరి. పిచ్చుకలు పోయిన చేలలో పురుగుల బాధ హెచ్చెను. శాస్త్రజ్ఞులు హెచ్చరింపగా 1960లో ఆ జాబితానుండి పిచ్చుకను తీసివేసి, దాని స్థానమున నల్లిని చేర్చిరి.

మన దేశమున పక్షిశాస్త్రమునకు పేరుగాంచిన సలీం అలీగారు బాల్యమున చిన్న తుపాకితో ఒక పిచ్చుకను కొట్టి, అది ఏ జాతిదో తెలిసికొనగోరి బొంబాయిలోని ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయిరి. అదియే వారి విద్యకు మొదలు. వారే 1931, 1932 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానమంతట తిరిగి అచ్చటి పక్షులను పరిశీలించి వ్రాసిరి. పక్షిని చంపుటకు ముందు దానిని తెలిసికొనుట మేలని వారి జీవితమే మనకు చెప్పుచున్నది.

ముందుగా ఒక హెచ్చరిక

పాత డబ్బా అనగనే రైతు ఇంట మొదట చేతికి దొరకునది పురుగుమందు డబ్బా. ఒక గ్రామమున మేము ఈ పని నేర్పుచుండగా, ఒక బాలుడు ఉత్సాహముతో మందు సీసా నొకదానిని తెచ్చి, “మూడుసార్లు కడిగితినండి” అనెను. వాని చేతినుండి ఆ సీసాను తీసికొని, సబ్బుతో వాని చేతులు కడిగించిన పిమ్మటనే మేము పాఠము సాగించితిమి. మందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినను మేతకుగాని, నీటికిగాని, మన వంటింటికిగాని పనికిరాదు. ఎరువు సంచులును అట్టివే.

మేతలోను ఇట్టి ప్రమాదము కలదు. విత్తగా మిగిలిన రంగుపూసిన విత్తనము విషముతో శుద్ధిచేసినది. దానిని ఎన్నడును పక్షులకు వేయరాదు. గిడ్డంగి ఊడ్పులలోని గింజలును వాడరాదు. ధాన్యమునకు పురుగు పట్టకుండ పెట్టిన మందుబిళ్ళల బూడిద వానిలో కలిసియుండవచ్చును. మనము తినదగిన గింజయే పక్షికిని పెట్టదగినది అను ఒక్క నియమము గుర్తుంచుకొనిన చాలును.

మొదటి విధము: కొబ్బరిచిప్ప

ఇది అన్నిటికంటె సులభము. పెద్ద కొబ్బరిచిప్పను తీసికొని, పీచును గీకి, ఎండబెట్టవలెను. అంచునకు అరయంగుళము క్రిందుగా, సమదూరమున మూడు రంధ్రములు చేయవలెను. అడుగున సన్నని మేకుతో రెండు మూడు బెజ్జములు వేసిన, వానజల్లు పడినను నీరు నిలువదు. మూడు రంధ్రములకు పురికొసలు కట్టి, పైన ఒక్క ముడిగా చేర్చి వ్రేలాడదీయవలెను. దానికి జానెడు ఎత్తున మఱియొక పెద్ద చిప్పను బోర్లించి అదే త్రాటికి గ్రుచ్చిన గొడుగువలె పనిచేయును.

రెండవ విధము: నూనె డబ్బా

అయిదు లీటర్ల వంటనూనె ప్లాస్టిక్ డబ్బాను వేడినీటను సబ్బుతోను జిడ్డు పోవువరకు కడిగి ఆరబెట్టవలెను. జిడ్డు మిగిలిన పక్షి ఈకలకు అంటుకొని హాని చేయును. డబ్బా అడుగునుండి రెండంగుళములు విడిచి, ఎదురెదురు ప్రక్కలందు అరచేయి పట్టునంత కిటికీలను కోయవలెను. ఒక్క వైపుననే కిటికీ యుంచరాదు. పిల్లి వచ్చినప్పుడు పక్షి రెండవ వైపునుండి తప్పించుకొనవలెను గదా. కోసిన అంచులు కాళ్ళకు గీచుకొనకుండ పాత సైకిలు ట్యూబును చీల్చి తొడుగవలెను. కిటికీల క్రింద ఒక సన్నని వెదురుపుల్లను ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దూర్చిన, వ్రాలుటకు అనువుగా నుండును. అడుగున నాలుగైదు బెజ్జములు వేసి, పైని పిడికి త్రాడు కట్టిన మేతపాత్ర సిద్ధమగును.

మూడవ విధము: సీసాయు మూకుడును

దినదినము మేత వేయ తీరిక లేనివారికి ఇది తగినది. ఒక లీటరు నీళ్ళ సీసాను పూర్తిగ ఆరబెట్టి, గింజలతో నింపవలెను. ఒక పలకకు దానిని తలక్రిందుగా నిలిపి, సైకిలు ట్యూబు పట్టీలతో రెండుచోట్ల బిగించి కట్టవలెను. సీసా మూతికి క్రింద మట్టి మూకుడును అమర్చి, మూతికిని మూకుటి అడుగునకును నడుమ అరయంగుళము సందు విడువవలెను. గింజలు జారి మూకుటిలో కుప్పపడి, ఆ కుప్ప సీసా మూతిని కప్పగనే ఆగిపోవును. పక్షులు తినినకొలది కుప్ప తగ్గి, మరల కొన్ని గింజలు దిగును. సజ్జలు, కొఱ్ఱలు ఇందు చక్కగా జారును. వడ్లు గరుకుగ నుండుటచే మూతిలో చిక్కుకొనును. అందుచే వడ్లను కంకులుగానే కట్టుట మంచిది.

మేతయు నీరును

సజ్జలు, కొఱ్ఱలు, నూకలు, వరికంకులు పిచ్చుకలకు ప్రీతికరములు. వండిన అన్నమును కొంచెముగ, ఉప్పు లేకుండ వేయవచ్చును గాని, సాయంకాలమునకు మిగిలినది తీసివేయవలెను. పులిసినది, బూజుపట్టినది వేయరాదు. దినమునకు 50 గ్రాముల వంతున నెలకు కిలోన్నర గింజలగును. ఇది ఏ గృహస్థునకును భారము కాదు.

వేసవిలో మేతకంటె నీరే ముఖ్యము. వెడల్పైన మట్టి మూకుటిలో అంగుళమునకు మించని లోతున నీరు పోసి, నడుమ ఒక గులకరాతిని పెట్టవలెను. లోతైన తొట్టిలో చిన్నపక్షి పడి చనిపోవును. ప్రతిదినము ఆ నీటిని పాఱబోసి, మూకుడును తోమి, క్రొత్తనీరు పోయవలెను. ఇట్లు చేసిన దోమపిల్లలు పెరుగుటకు వ్యవధి యుండదు.

ఎక్కడ కట్టవలెను?

ఇక్కడ మా పొరపాటునొకదానిని చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక రైతునకు నచ్చజెప్పి, ఆయన చేనిగట్టున నున్న వేపకొమ్మకు మేతపాత్రను కట్టించితిమి. అది జొన్న పాలుపోసుకొను సమయము. పక్షులు వచ్చినవి. పాత్రలోని గింజలు అయిపోగనే ప్రక్కనున్న చేనిలో దిగినవి. మేము మరల పోవునప్పటికి గట్టు ప్రక్కనున్న సాళ్ళలో కంకులు వట్టి చొప్పలైయుండెను. ఆ రైతు మమ్ము తిట్టలేదు. “అయ్యగారూ, విందుకు పిలిచినది మీరు, విస్తరి వేసినది నేను” అనెను. ఆ మాట మేము నేటికిని మరువలేదు. తప్పు పక్షులది కాదు, తావెఱుగని మాది.

కావున మేతపాత్రను ఇంటియొద్దనే, చేలకు దూరముగ కట్టవలెను. నేలకు ఆరడుగుల ఎత్తున, పిల్లి దూకుటకు వీలగు గోడకును పొదకును రెండు గజముల ఎడముగ, నీడపట్టున నుండవలెను. కోళ్ళ గూటిపైన కట్టరాదు. పక్షుల రెట్ట పడి కోళ్ళకు తెగుళ్ళు రావచ్చును.

శుభ్రత

వారమునకొకసారి పాత్రను ఖాళీచేసి, వేడినీటను సబ్బుతో తోమి, బాగుగ ఎండనిచ్చి మరల నింపవలెను. పిమ్మట చేతులు కడుగుకొనవలెను. పక్షులు ఈకలు ఉబ్బించుకొని, ఎగురలేక కూర్చుండుట కనబడిన, రెండు వారములు పాత్రను తీసివేయవలెను. గుంపులు చేరినచోటనే రోగము వ్యాపించును. కోళ్ళుగాని, కాకులుగాని పెక్కు ఒక్కసారి చచ్చిన, వట్టిచేతులతో ముట్టక, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను.

గూటికి పాతకుండ

మేత పెట్టినంత మాత్రమున పిచ్చుక నిలువదు. దానికి గూడు కావలెను. చిన్న మట్టికుండకు ప్రక్కన అంగుళమున్నర మించని రంధ్రము చేసి, మూతిని పలకతో మూసి, చూరుక్రింద ఎనిమిది పది అడుగుల ఎత్తున, ఎండ తగులనిచోట కదలకుండ కట్టవలెను. రంధ్రము పెద్దదైన గోరువంకలు ఆక్రమించును. పిల్లలున్నప్పుడు కుండను విప్పి చూడరాదు.

చేనిలో మేత వలదు, ఊతము చాలును

చేనికి కావలసినవి గింజలు తిను పక్షులు కావు, పురుగులు తినునవి. పసులపోలిగాడు, పాలపిట్ట, గోరువంక మొదలగునవి కూర్చుండుటకు తావు దొరకిన అచ్చటనుండి పురుగును చూచి పట్టుకొనును. పాత వాసములను, విరిగిన వెదుళ్ళను తీసికొని, ఒకదానిపై ఒకటి అడ్డముగ కట్టి, పైరుకంటె అడుగు ఎత్తుగ నుండునట్లు ఎకరమునకు పదిహేను ఇరువది పాతవలెను. శనగ, కంది, ప్రత్తి చేలలో శనగపచ్చపురుగుపైని, వేరుశనగలో లద్దెపురుగుపైని ఇవి మనకు సాయపడును. పసుపు కలిపిన అన్నమును అచ్చటచ్చట చల్లిన, పక్షులు చేనికి అలవాటుపడును. అయితే వరి, జొన్న, సజ్జ చేలలో గింజ పాలుపోసుకొనుటకు ముందే ఆ కఱ్ఱలను తప్పక తీసివేయవలెను. పురుగు ఉధృతమైనప్పుడు ఇవి మాత్రమే చాలవు. ఇతర సస్యరక్షణ పనులను మానరాదు. మందు చల్లవలసివచ్చిన, అవసరమునకు మించక చల్లవలెను. విషము తిన్న పురుగును తిన్న పక్షియు చచ్చును.

మాకు బుద్ధిచెప్పిన ఆ రైతు మరుసటి యేట తన పాత్రను చేనిగట్టునుండి విప్పి ఇంటి అరుగుపైకి మార్చెను. ఆ చేనిలో శనగ వేసి, పాత పందిరి వెదుళ్ళతో ఊతకఱ్ఱలు పాతెను. మేము పోయినప్పుడు ఒక కఱ్ఱపై పసులపోలిగాడు పచ్చపురుగును ముక్కున పట్టుకొని కూర్చుండెను. “ఈసారి విస్తరి సరియైనచోట పడినదండి” అని ఆయన నవ్వెను.

సభ్యులందఱు ఈ వేసవికి ముందే తమ యింట ఒక్క పాత్రయైన కట్టుదురుగాక. ఈ పని పిల్లల చేతులకు అప్పగింపుడు. గింజలు వేయుటయు, మూకుడు కడుగుటయు వారికి బరువు కాదు. చిన్ననాట పక్షిని గుర్తెఱిగినవాడు పెద్దవాడై చేనిలో మందు చల్లునపుడు ఒకసారి ఆలోచించును.