చిన్నవి వెళ్తాయి, పెద్దవి ఆగిపోతాయి – ఎందుకు?

వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. గూగుల్ తెరుచుకుంటుంది. మెసేజ్‌లు వెళ్తాయి. కానీ అప్లికేషన్‌కి సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయబోతే మాత్రం గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. అల్లూరులో మా ఇంట్లో చెల్లి స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెడుతుంటే ఇదే జరిగింది. ఆఖరు తేదీకి రెండు రోజులే ఉంది. ల్యాప్‌టాప్ పాడైంది, ఫార్మాట్ చేయించాలని ఒకరు చెప్పారు. నాన్న డబ్బులు తీయబోయారు. తీరా చూస్తే ల్యాప్‌టాప్ బాగానే ఉంది. చిక్కంతా ప్యాకెట్ సైజులో ఉంది.

నెట్‌లో ఏ ఫైలూ ఒకే ముక్కగా వెళ్ళదు. చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి వెళ్తుంది. ఒక ప్యాకెట్ గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో చెప్పే హద్దును ఎంటీయూ అంటారు. ఈథర్‌నెట్‌లో అది 1500 బైట్లు. ల్యాప్‌టాప్ వైఫైలో కూడా మామూలుగా అంతే ఉంటుంది.

అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే చాలా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు పీపీపీఓఈ అనే పద్ధతిని వాడతాయి. అది పార్సిల్ మీద ఇంకో కవరు తొడగడం లాంటిది. ఆ కవరుకే 8 బైట్లు పోతాయి. మన ప్యాకెట్‌కి మిగిలేది 1492. ల్యాప్‌టాప్ మాత్రం 1500 సైజులోనే పంపుతుంది.

అప్పుడు రౌటర్ "ఇది పట్టదు, సైజు తగ్గించి పంపు" అని ఐసీఎంపీ ద్వారా కబురు చేయాలి. ఈ ఏర్పాటును మోగుల్, డీరింగ్ 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1191లో వివరించారు. భద్రత పేరుతో ఎక్కడైనా ఫైర్‌వాల్ ఐసీఎంపీని పూర్తిగా ఆపేస్తే ఆ కబురు మనకు చేరదు. ల్యాప్‌టాప్ అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్ళీ మళ్ళీ పంపుతుంది. చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి కాబట్టి నెట్ బాగానే ఉందనిపిస్తుంది.

దీన్ని ఇంట్లోనే కొలవవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ముందు ఏదైనా సైట్‌కి మామూలుగా పింగ్ ఇవ్వండి. జవాబు వస్తే, ఈసారి ముక్కలు చేయవద్దని చెప్పే 'మైనస్ ఎఫ్', సైజు చెప్పే 'మైనస్ ఎల్' చేర్చి 1472తో ఇవ్వండి. హెడర్లకు 28 బైట్లు కలిపితే సరిగ్గా 1500 అవుతుంది. జవాబు రాకపోతే సైజు కొంచెం కొంచెం తగ్గిస్తూ వెళ్ళండి. మా ఇంట్లో 1464 దగ్గర జవాబు వచ్చింది. 28 కలిపితే 1492.

ఇక మందు సులభం. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, 'నెట్‌ష్' కమాండ్‌తో వైఫై ఎంటీయూని మీకు వచ్చిన అంకెకు మార్చుకోవాలి. రౌటర్‌లో 'ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్' ఉంటే దాన్ని ఆన్ చేయడం ఇంకా మంచిది. ఇంట్లో అన్ని పరికరాలకూ పనిచేస్తుంది. ఎంటీయూని మాత్రం 1280 కంటే తగ్గించకండి. ఐపీవీ6కి కనీసం అంత కావాలి.

మార్చిన తర్వాత సర్టిఫికెట్ ఒక్కసారికే వెళ్ళింది. ఫార్మాట్ ఖర్చు మిగిలింది, చెల్లి అప్లికేషన్ గడువులోపల చేరింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కంప్యూటర్ మొరాయిస్తే మనకు చేతకాదని వెనక్కి తగ్గకండి. ఏది వెళ్తోంది, ఏది ఆగుతోంది అని ముందు కాగితం మీద రాసుకోండి. తర్వాత కొలవండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.