తూకానికి వేస్తే ఇనుము, తిప్పితే కూడు

మార్కాపురం: పాత ఇనుప సామాన్లు కొనే బండి వీధిలోకి వచ్చిందంటే అటక మీది వస్తువులన్నీ కిందికి దిగుతాయి. తుప్పు పట్టిన బొక్కెన, కాలు విరిగిన కుర్చీ, తిరగని ఫ్యాను, వాటితోపాటు ఒక్కోసారి చెక్కపెట్టెలో ఉన్న నల్లటి చేతి కుట్టు మిషను. బండివాడు దాన్ని కూడా బొక్కెన పక్కనే కాటాలో పెడతాడు. పన్నెండు కిలోలు తూగితే, కిలో ముప్పై రూపాయల లెక్కన మూడు వందల అరవై రూపాయలు చేతిలో పెట్టి వెళతాడు. ఒకనాడు ఇంటిల్లిపాది పొట్ట నింపిన వస్తువు అలా నిమిషంలో గడప దాటిపోతుంది.

అదే మిషను గురించి మరో రకం మాట కూడా వినిపిస్తూ ఉంటుంది. పాత సింగర్ మిషనుకు లక్షలు పలుకుతాయని, అందులో ఏదో విలువైన పదార్థం దాగి ఉందని. ఈ రెండు ధరలూ తప్పే. ఒకటి తెలియక పోగొట్టుకునే ధర, మరొకటి ఆశపెట్టి మోసగించే ధర. ఈ రెంటికీ మధ్య దాని అసలు విలువ ఒకటి ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో ఇంట్లో పాత మిషను ఉన్న ప్రతివారూ అది తెలుసుకోవలసిన అవసరం ఉంది.

ఎక్కడివీ మిషన్లు?

అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో, ఐజాక్ మెరిట్ సింగర్ 1851లో కుట్టు మిషన్లకు పేటెంట్లు పొందారు. పై దారం, కింది దారం ఒకదానితో ఒకటి మెలిపడి బిగుసుకునే కుట్టు అప్పుడే స్థిరపడింది. ఈనాటికీ మన దర్జీలు వేసే కుట్టు అదే. మిషను ఖరీదు సామాన్యునికి అందనంతగా ఉండటంతో సింగర్ కంపెనీ 1850లలోనే వాయిదాల పద్ధతి పెట్టింది. కొంత సొమ్ము కట్టి మిషను తెచ్చుకోవడం, దాని మీద కుట్టి సంపాదించి మిగతాది తీర్చడం. మిషను తన అప్పు తానే తీర్చుకునేదన్నమాట.

మన ఇళ్లలో కనిపించే అసలైన పాత సింగర్ మిషన్లలో చాలా భాగం స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైనవి. 1885లో పని ప్రారంభించిన ఆ ఫ్యాక్టరీ 1913లో ఒక్క ఏడాదిలోనే పదమూడు లక్షల మిషన్లు పంపింది. 1980లో అది మూతపడింది. ఫ్యాక్టరీ పోయినా అక్కడి రైల్వే స్టేషను పేరు మాత్రం ఇప్పటికీ సింగర్ అనే ఉంది.

స్వదేశీ మిషను 1930లలో కలకత్తాలో పుట్టింది. జై ఇంజనీరింగ్ వర్క్స్ తయారుచేసిన ఆ మిషనే ఉషా. సింగర్ 15 రకం నమూనా ఆధారంగానే మన దేశపు ఇంటి మిషన్లు చాలా వరకు తయారయ్యాయి. తర్వాతి కాలంలో లూధియానా పట్టణం మిషన్లకు, విడిభాగాలకు పెద్ద కేంద్రమైంది. స్కాట్లాండ్‌లో పుట్టిన పాత మిషనుకు ఈనాడు లూధియానా భాగం సరిపోతున్నదంటే కారణం ఇదే.

యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీజీ కూడా కుట్టు మిషనును మాత్రం మినహాయించారు. 1924లో 'యంగ్ ఇండియా' పత్రికలో వచ్చిన సంభాషణలో, మనిషి కనిపెట్టిన కొద్దిపాటి ఉపయోగకరమైన వస్తువుల్లో సింగర్ మిషను ఒకటని ఆయన అన్నారు. మనిషి చేతిని తీసివేయకుండా, ఆ చేతికి శ్రమ తగ్గించే యంత్రం కావడమే దాని గొప్పతనం.

జిల్లా కంటే పెద్ద వయసు

1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోను ఉండేవి. అంతకు ముందే కొన్న మిషను నేటికీ కుడుతుంటే, అది జిల్లా కంటే వయసులో పెద్దదన్నమాట.

కాలితో తొక్కే మిషను ఉన్నచోటే ఉంటుంది. చేతి మిషను అలా కాదు. చెక్క పీట మీద బిగించి, పైన గూడులాంటి చెక్క మూత పెట్టి, తాళం వేసి, పిడి పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. దర్జీ సైకిలు క్యారియరు మీద మిషను కట్టుకుని పల్లెకు పోయి, అరుగు మీద చాప పరచుకుని కూర్చుంటే, ఆ ఊరి పండగ బట్టలు, పెళ్లి బట్టలు అక్కడే కుట్టేవాడు. మేర కులస్థులు, ముస్లిం దర్జీలు ఇలా ఊరూరా తిరిగి బతికారు. కరెంటు లేని ఊరైనా, బల్ల లేని ఇల్లయినా దానికి అడ్డం కాదు. ఎడమ చేత్తో గుడ్డ పట్టుకుని కుడి చేత్తో పిడి తిప్పితే చాలు.

రూపం కూడా కంటికి ఇంపైనదే. నల్లని మెరుగు మీద బంగారు రంగు లతలు, కొన్నింటి మీద ఈజిప్టు దేశపు మనిషి తల, సింహపు ఒడలు గల బొమ్మలు. నికెల్ పూత పూసిన చక్రం, స్తంభానికి బిగించిన ఇత్తడి బిళ్ల. లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రం ఒక్కటీ లేదు. అంతా ఇనుము, ఉక్కు. అందుకే నూనె చుక్క పడితే చాలు, తాత మిషను మనవరాలికి కూడా కుడుతుంది.

అమెరికాలో ఎందుకంత మోజు?

1933లో సింగర్ కంపెనీ ఫెదర్‌వెయిట్ 221 అనే చిన్న మిషను విడుదల చేసింది. అల్యూమినియం ఒడలు, చిన్న కరెంటు మోటారు, మోసుకుపోవడానికి నల్లని పెట్టె. బరువు 11 పౌన్లు, అంటే సుమారు 5 కిలోలు మాత్రమే. తయారీ 1960ల చివర్లో ఆగిపోయింది. అయినా బాగున్న ఫెదర్‌వెయిట్‌కు అమెరికాలో ఇప్పటికీ మూడు నాలుగు వందల డాలర్లు పలకడం మామూలే. అరుదైన రకాలకు ఇంకా ఎక్కువ.

కొనేవారిలో ఎక్కువమంది దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకునేవారు కాదు. గుడ్డముక్కలు చేర్చి బొంతలు కుట్టే ఆడవాళ్లు. ముక్కకు ముక్క కలపాలంటే తప్పుపోని తిన్నని కుట్టు కావాలి. ఆ ఒక్క పనిని ఆ చిన్న మిషను చక్కగా చేస్తుంది. మన పల్లెల్లో పాత చీరలు మడిచి బొంత కుట్టే అవ్వకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అంటే అక్కడ కూడా ధర పలుకుతున్నది పాతదనానికి మాత్రమే కాదు, పనితనానికి.

అమెరికాలో ఉన్న పిల్లల ద్వారా ఆ మిషను తెప్పించుకునేవారు ఒక సంగతి గమనించాలి. అక్కడి మోటారు 110 వోల్టులకు తయారైనది. ట్రాన్స్‌ఫార్మరు లేకుండా మన 230 వోల్టుల కరెంటుకు తగిలిస్తే మోటారు కాలిపోతుంది.

ఎర్ర పాదరసం పేరుతో ఎర

లక్షల మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. 2009 ఏప్రిల్‌లో సౌదీ అరేబియాలో ఒక పుకారు లేచింది. పాత సింగర్ మిషన్ల సూదుల్లో 'ఎర్ర పాదరసం' ఉందని, దానికి లెక్కలేనంత విలువ ఉందని. జనం మిషన్ల కోసం ఎగబడ్డారు. ఒక్కో మిషనుకు రెండు లక్షల రియాళ్ల దాకా అడిగారని అప్పట్లో పత్రికలు రాశాయి. అది ఉత్త పుకారేనని తర్వాత తేలిపోయింది.

ఆ పుకారు పుట్టినచోట చల్లారినా ఫోన్లలో మాత్రం తిరుగుతూనే ఉంది. పాత టీవీల్లో, రేడియోల్లో కూడా అదే ఉందన్న ప్రచారం ఇటీవలి సంవత్సరాల్లో తెలుగు జిల్లాల్లోనూ సాగింది. రాగి చెంబు బియ్యాన్ని లాగుతుందంటూ చేసే రైస్ పుల్లింగ్ మోసం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ముందు మిషను ఫోటో పంపమంటారు, తర్వాత పరీక్షకని, రవాణాకని, అధికారుల అనుమతికని డబ్బు కట్టమంటారు. కట్టిన డబ్బు తిరిగి రాదు.

మిషను సూది దగ్గర సెల్‌ఫోను పెడితే సిగ్నల్ పోవాలి, అదే అసలైన మిషనుకు గుర్తు అని ఆనాడు సౌదీలో చెప్పుకున్నారు. నల్లమల అంచున ఉన్న మన ఊళ్లలో మిషను లేకపోయినా సిగ్నల్ పోతుంది! మిషనులో ఉన్నది ఇనుము, ఉక్కు, కాస్త నికెల్ పూత, కాస్త నూనె. అంతకు మించి ఏమీ లేదు.

అమ్మేముందు, కొనేముందు

పనిచేసే పాత చేతి మిషను ధర మన ప్రాంతంలో వేల రూపాయల్లో ఉంటుంది తప్ప లక్షల్లో ఉండదు. ఆ వేలు కూడా దాని స్థితిని బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. చూడవలసినవి ఇవి.

మొదటిది నంబరు. సింగర్ మిషను పీట మీద కుడివైపు నంబరు చెక్కి ఉంటుంది. ముందు అక్షరం లేకుండా అంకెలు మాత్రమే ఉంటే అది 1900కు ముందుది. క్లైడ్‌బ్యాంక్ మిషనుకు ఇంగ్లీషు 'వై' అక్షరం ఒక్కటే ఉంటే 1920, 30లలోది. 'ఈ'తో మొదలయ్యే రెండు అక్షరాలుంటే 1935 ప్రాంతం నుంచి వచ్చినది. సింగర్ అని రాసి ఉన్నదల్లా సింగర్ కాదు. పేరు అతికించిన నకళ్లు కూడా ఉన్నాయి. నంబరు, స్తంభం మీది ఇత్తడి బిళ్ల రెండూ చూసుకోవాలి.

రెండవది విడిభాగాలు. గుండ్రటి బాబిన్ ఉన్న 15 రకం మిషనుకు సూది, బాబిన్, షటిల్ అన్నీ దొరుకుతాయి. పడవ ఆకారపు షటిల్‌లో పొడుగు బాబిన్ పెట్టే ఇంకా పాత రకం ఉంటే, ఆ షటిల్, బాబిన్లు మిషనుతోపాటు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. అవి పోతే మళ్లీ దొరకడం కష్టం. పెట్టె, తాళంచెవి, పాత బాబిన్లు ఉన్న డబ్బా వంటివి ఉంటే ధర పెరుగుతుంది.

మూడవది పై మెరుగు. మెరవాలని కొత్తగా నల్లరంగు వేయించకూడదు. బంగారు బొమ్మలు పోతే పాత వస్తువులు సేకరించేవారు దాని వంక చూడరు. బిగుసుకుపోయిన మిషనుకు కొబ్బరినూనె పోయకూడదు. అది గడ్డకట్టి జిగురవుతుంది. కిరోసిన్‌తో పాత జిడ్డు కడిగి, మిషను నూనె చుక్కలు చుక్కలుగా వేసి, చక్రాన్ని మెల్లగా తిప్పాలి. చాలా మిషన్లకు వచ్చిన జబ్బు ఇదే. దీనికే చనిపోయిందనుకుని తూకానికి వేస్తున్నారు.

పలక నేర్పిన పాఠం

మార్కాపురానికి ఈ సంగతి కొత్త కాదు. ఊళ్లోని రాతి పలక ఒకప్పుడు దేశమంతటి పిల్లల చేతుల్లో ఉండేది. నోటు పుస్తకాలు వచ్చి బడిలో పలక పని తగ్గింది. ఇక అయిపోయిందనుకున్న ఆ రాయే గోడలకు, నేలకు పరిచే బండగా విదేశాలకు వెళ్లింది. వస్తువు పాతబడినంత మాత్రాన విలువ పోదు, దాని విలువ తెలిసినవాడు కావాలి.

వానలు మొహం చాటేస్తే పొలం పని ఉండని మెట్ట ప్రాంతమిది. ఇంటి పట్టున కూర్చుని జాకెట్టు కుట్టి, చీరకు ఫాల్స్ వేసి నాలుగు రూపాయలు కళ్లజూసే ఆడవాళ్లకు మిషను అంటే అలంకారం కాదు. కుట్టు నేర్చుకునే పిల్లకు అటక మీది అవ్వ మిషను ఖర్చు లేని మొదటి పెట్టుబడి. వేగం తక్కువే. కాలర్లు, ప్యాంట్లు టోకున కుట్టే దుకాణానికి అది చాలదు. కానీ చేయి తిరగడానికి, ఇంటి బట్టలకు, ఇరుగుపొరుగు పనికి చాలు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, శిక్షణ అందులో భాగం. కొత్త మిషను రావడం మంచిదే. దానితోపాటు ఉన్న మిషనును విప్పి, శుభ్రం చేసి, బిగించే పని కూడా కుట్టు శిక్షణలో నేర్పితే ఊరికొకరు రిపేరు చేసేవారు తయారవుతారు. సంబంధిత అధికారులు ఈ దిశగా ఆలోచించాలి. ఎర్ర పాదరసం పేరుతో డబ్బు అడిగేవారు తారసపడితే ప్రజలు వెంటనే పోలీసులకు తెలియజేయాలి.

ఈసారి ఇనుప సామాన్ల బండి వచ్చినప్పుడు అటక మీది చెక్కపెట్టెను దించండి. కానీ కాటాలో పెట్టకండి. దుమ్ము తుడిచి, నాలుగు చుక్కల నూనె వేసి, ఒక్కసారి చక్రం తిప్పి చూడండి.