పాటకు ఇంటిపేరు

ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే గదిని ఏమనాలి? హైదరాబాద్‌లో ఆ పని చేస్తున్న కుర్రాళ్లనడిగితే ‘హోమ్ స్టూడియో’ అంటారు, తొందరలో ఉంటే ‘మా సెటప్’ అంటారు. ఆ మాటలతో పని జరిగిపోతుంది. అయితే చరిత్రలో నిలిచిపోయిన ఇళ్లను చూడండి. ఒకదానికి గోడ రంగే పేరు, ఇంకోదానికి ఊరు, మరోదానికి డోర్ నెంబరు. నాకు అలాంటి పేర్లే ఇష్టం. ఆ ఇల్లు లేకపోతే ఆ పాట అలా ఉండేది కాదని అవి ఒప్పుకుంటాయి.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, హ్యాకెన్‌సాక్ అనే ఊరు. అక్కడ రూడీ వాన్ గెల్డర్ వృత్తిరీత్యా కళ్లు పరీక్షించి అద్దాలు రాసిచ్చేవాడు. ఆ పని లేనప్పుడు అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో జాజ్ రికార్డు చేసేవాడు. ఇల్లు కట్టేటప్పుడే పెద్దవాళ్లను ఒప్పించి, ముందుగది పక్కన కంట్రోల్ రూము, మధ్య గోడకు అద్దం కిటికీ పెట్టించుకున్నాడు. 1950లలో బ్లూ నోట్, ప్రెస్టీజ్ కంపెనీల రికార్డులు ఎన్నో ఆ ముందుగదిలో పుట్టినవే. మైల్స్ డేవిస్ అక్కడ ట్రంపెట్ ఊదాడు. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ 1954లో అక్కడ రికార్డు చేసిన ఒక రచనకు ‘హ్యాకెన్‌సాక్’ అని ఆ ఊరి పేరే పెట్టాడు. సంగీతకారుడు ఒక సౌండ్ ఇంజనీరుకు ఇంతకన్నా ఏమివ్వగలడు!

లండన్‌లో రికార్డుల నిర్మాత జో మీక్ స్టూడియోను జనం గుర్తుపెట్టుకున్నది చిరునామాతోనే: 304, హాలోవే రోడ్. కింద తోలు సామాన్ల కొట్టు, పైన మూడంతస్తుల అద్దె వాటా. వాద్యాలు ఒక గదిలో, రికార్డింగ్ యంత్రాలు ఇంకో గదిలో. గొంతుకు గుంయిమనే ధ్వని కావాలంటే గాయకుణ్ని బాత్‌రూములోకి పంపేవాడు. 1964లో ‘హనీకోంబ్స్’ బృందం పాటకు డ్రమ్స్ చాలవనిపించి, అందరినీ చెక్కమెట్ల మీద నిలబెట్టి దబదబా తొక్కించాడు. ఆ చప్పుడు పట్టడానికి మెట్ల కమ్మీలకు మైకులు బిగించాడు. దేంతోననుకున్నారు? సైకిల్ తొక్కేవాళ్లు ప్యాంటు కాళ్లు చెయిన్లో పడకుండా పెట్టుకునే క్లిప్పులతో! ఆ పాట బ్రిటన్‌లో నెంబర్ వన్ అయింది. అంతకు రెండేళ్ల ముందే, 1962లో, ఆ వాటాలో తయారైన ‘టెల్‌స్టార్’ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. బ్రిటిష్ బృందం రికార్డుకు ఆ ఘనత దక్కడం అదే తొలిసారి. బీటిల్స్ ఆ స్థానానికి చేరింది ఆ తర్వాతే.

బీటిల్స్ పాడిన అబీ రోడ్ కూడా పుట్టుకతో స్టూడియో కాదు. 1830లలో కట్టిన తొమ్మిది పడకగదుల ఇల్లు. గ్రామఫోన్ కంపెనీ దాన్ని కొని, వెనక తోటలో పెద్ద హాళ్లు కట్టించింది. ఇ.ఎం.ఐ. స్టూడియోగా అది 1931లో తెరుచుకుంది.

బీటిల్స్ విడిపోయాక ఎవరింట్లో వాళ్లు స్టూడియో పెట్టుకున్నారు. జాన్ లెనన్ ఇంట్లోది ‘ఆస్కాట్ సౌండ్’. 1971 నాటి ‘ఇమాజిన్’ ఆల్బమ్‌లో చాలా భాగం అక్కడిదే. 1973లో ఆ ఇల్లు రింగో స్టార్ కొనుక్కుని, పేరును ‘స్టార్ట్‌లింగ్ స్టూడియోస్’గా మార్చాడు. పేరు మొదట్లో ‘స్టార్’ ఎలా ఇమిడిపోయిందో చూడండి. జార్జ్ హారిసన్ మాత్రం తన ఫ్రయర్ పార్క్ స్టూడియో, హెన్లీ ఆన్ థేమ్స్ అనే మాటల మొదటి అక్షరాలన్నీ కలిపి ‘ఎఫ్‌పీషాట్’ అని ఊరుకున్నాడు.

రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంటి స్టూడియోకు పెట్టిన పేరు ‘యుటిలిటీ మఫిన్ రీసెర్చ్ కిచెన్’. మఫిన్ అంటే బేకరీలో దొరికే చిన్న కేకు. వంటా పరిశోధనా సంగీతమూ ఒక్క పేరులో కలిపేశాడు.

డిట్రాయిట్‌లో బెర్రీ గార్డీ సొంతవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని సంగీత వ్యాపారం మొదలుపెట్టాడు. 1959లో ఫోటో స్టూడియోగా ఉన్న ఒక ఇల్లు కొని, పైన కాపురం, వెనక గ్యారేజీలో రికార్డింగ్ పెట్టాడు. ఇంటి ముందు ‘హిట్స్‌విల్, యు.ఎస్.ఎ.’ అని బోర్డు కట్టాడు. హిట్లు పుట్టే ఊరని అర్థం. ఆ ఇంట్లోంచి ఇంకా హిట్లు రావలసే ఉంది, బోర్డు ముందే వచ్చేసింది! లోపల వాయించేవాళ్లు పెట్టుకున్న పేరు వేరు: ‘స్నేక్ పిట్’, పాముల గొయ్యి. పైకప్పు నుంచి వేలాడే కేబుళ్లను చూసి అలా అన్నారు. మోటౌన్ అనే గార్డీ కంపెనీ సంగీతానికి పుట్టిల్లు ఆ గ్యారేజీయే. బోర్డు మీద పేరు యజమానిది, పాముల గొయ్యి మాత్రం చెమటోడ్చినవాళ్లది. రెండో పేరే నాకు నిజంగా తోస్తుంది.

న్యూయార్క్ రాష్ట్రంలో గులాబి రంగు గోడల ఇల్లు ‘బిగ్ పింక్’. 1967లో బాబ్ డిలన్, తర్వాత ‘ది బ్యాండ్’గా పేరుపడిన అతని మిత్రులు దాని నేలమాళిగలో డజన్ల కొద్దీ పాటలు టేపు మీద పెట్టుకున్నారు. వాటిలో కొన్ని 1975లో ‘బేస్‌మెంట్ టేప్స్’ పేరుతో వచ్చాయి. తమాషా ఏమంటే, 1968లో ఆ ఇంటి పేరుతోనే వచ్చిన ‘మ్యూజిక్ ఫ్రం బిగ్ పింక్’ ఆ ఇంట్లో రికార్డు చేసింది కాదు. పాటలు పుట్టింది అక్కడ, రికార్డింగ్ జరిగింది పెద్ద స్టూడియోల్లో. అయినా కవరు మీద ఇంటి పేరే వేసుకున్నారు.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఎలక్ట్రికల్ పని చేసుకునే కింగ్ టబ్బీ ఇంటి బాత్‌రూమునే గొంతు రికార్డు చేసే గదిగా మార్చేశాడు. అదే ఊళ్లో రెగే సంగీత నిర్మాత లీ పెర్రీ 1973లో ఇంటి పెరట్లో కట్టుకున్నది ‘బ్లాక్ ఆర్క్’.

ఇక చెన్నై. పాతకాలపు తెలుగు సినిమావాళ్లు పాటలు రికార్డు చేసే చోటును ‘రికార్డింగ్ థియేటర్’ అనేవారు. అక్కడ నిజంగానే బొమ్మ ఆడేది. రీరికార్డింగ్ అప్పుడు తెర మీద సీను నడుస్తుంటే, వాద్యబృందం ఎదురుగా కూర్చుని దానికి తగ్గట్టు వాయించేది. మన సంగీత దర్శకులు రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించిన ఒక కుర్రాడు కోడంబాక్కంలో ఇంటి పెరట్లో చిన్న స్టూడియో పెట్టుకుని ‘పంచతన్ రికార్డ్ ఇన్’ అన్నాడు. ఇన్ అంటే సత్రం. గబగబా పలికితే ‘రికార్డింగ్’ అనే వినిపిస్తుంది. ఆ కుర్రాడే ఏ.ఆర్.రెహమాన్. 1992లో ‘రోజా’ ఆ పెరట్లోంచే వచ్చింది, మొదటి సినిమాకే జాతీయ అవార్డు తెచ్చింది.

ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం చెన్నైలో కట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కు తన పేరు పెట్టుకోలేదు. 1966లో తనకు తొలి సినిమా పాట ఇచ్చిన సంగీత దర్శకుడు కోదండపాణి పేరు పెట్టారు. ఇన్ని పేర్లలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

పేరేదైనా, గదికి దాని గుణం దానికి ఉంటుంది. రెండు గోడల మధ్య పదడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలిచి మోగుతుంది. బేస్ గిటార్ ‘ఎ’ తీగ 55 హెర్ట్జ్. అంటే ఆ ఒక్క తీగ మీటినప్పుడే గది దద్దరిల్లుతుంది, పక్క తీగ మామూలుగా ఉంటుంది. పొడవూ వెడల్పూ సమానమైతే మరీ కష్టం. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే ఈ రోగం తగ్గదు. మూలకు మందమైన పరుపు నిలబెట్టండి, మైకు వెనక బొంతలు వేలాడదీయండి, తలుపులు తీసి ఉంచిన బట్టల బీరువా ముందు పాడించండి, తేడా మొదటి టేకులోనే తెలుస్తుంది. ఫ్యాను ఆపాలని వేరే చెప్పక్కర్లేదు. పక్కింటి కుక్కర్ ఎప్పుడు కూస్తుందో మాత్రం కనుక్కోండి.

పడకగది స్టూడియోగా పనికొచ్చేది సగం ఆ మంచం, పరుపు, దుప్పట్ల వల్లే. బిల్లీ ఐలిష్ తొలి ఆల్బమ్ లాస్ ఏంజెలెస్‌లో ఆమె అన్నయ్య ఫినియస్ పడకగదిలో తయారై, 2020 గ్రామీల్లో ఆ ఏటి మేటి ఆల్బమ్ అనిపించుకుంది.

దానికి చాలాముందే 1979లో టాస్కామ్ కంపెనీ మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు పట్టే యంత్రం తెచ్చి ‘పోర్టాస్టూడియో’ అంది. స్టూడియో అనే మాట మొదటిసారి బల్ల మీదికి దిగింది. రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో న్యూజెర్సీ ఇంటి పడకగదిలో తన బృందం లేకుండా ఆ యంత్రం ముందు కూర్చుని కొన్ని పాటలు పాడాడు. అవి బృందానికి వినిపించడానికి పెట్టుకున్న నమూనాలు. తర్వాత బృందమంతా కలిసి వాయిస్తే ఆ గదిలోని గుబులు రాలేదు. చివరికి ఆ క్యాసెట్‌నే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదల చేశారు.

2004లో యాపిల్ కంపెనీ ఇంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చి ‘గ్యారేజ్‌బ్యాండ్’ అని పేరు పెట్టింది. 2007లో ప్రపంచమంతా మోగిన రిహానా ‘అంబ్రెల్లా’ పాటలోని డ్రమ్స్ ఆ సాఫ్ట్‌వేర్‌తో అందరికీ వచ్చే లూపే, అంటే తిరిగి తిరిగి మోగే చిన్న ముక్కే. దాని పేరు ‘వింటేజ్ ఫంక్ కిట్ 03’.