విడదీస్తే తెలిసే ఒంటిచక్రం

యంత్రం పుట్టుకను తెలుసుకోవడానికి దానిని నడిపి చూడడం కంటె విప్పి చూడడం ఎక్కువ ఉపయోగపడుతుంది. రెండు భాగాలు విడిపోయే ప్రతి చోటా ఒక తరం పనివారు ఎదుర్కొన్న చిక్కూ, దానికి వారు కనిపెట్టిన ఉపాయమూ లోహంలోనే నిలిచి ఉంటాయి. ఒంటిచక్రం సైకిలులో గొలుసు లేదు, హ్యాండిలు లేదు. ఒక చక్రం, ఆ చక్రపు ఇరుసుకే నేరుగా బిగించిన రెండు క్రాంకులు (పెడలును ఇరుసుతో కలిపే లోహపు చేతులు), రెండు పెడళ్ళు, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే చట్రం, దానిపై ఒక సీటు, అంతటితో యంత్రం పూర్తయింది. కనుక దానిని విమానప్రయాణానికి సిద్ధం చేసే పని, అంటే అరగంటలో పానాలతో విడదీసి పెట్టెలో సర్దే పని, దాదాపు నూటయాభై సంవత్సరాల సైకిలు చరిత్రను వెనుక నుంచి ముందుకు చదవడం వంటిదే అవుతుంది.

ఆ పెట్టె బయలుదేరేది అనంతపురం జిల్లాలోని గుంతకల్లు నుంచి అనుకుందాం. అక్కడ విమానాశ్రయం లేదు. అక్కడి నుంచి విమానమెక్కవలసిన వస్తువు ముందుగా రైలులోనో రోడ్డుమీదనో బెంగళూరు, శంషాబాద్, లేదా 2021లో ప్రారంభమైన కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం చేరుకోవాలి. అయితే సామాను కట్టడం గురించి గుంతకల్లుకు తెలిసినంతగా చాలా విమానాశ్రయాలకు తెలియదని చెప్పడం అతిశయోక్తి కాదు. 1871లో పూర్తయిన మద్రాసు-బొంబాయి రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరికి తరువాతి దశాబ్దాలలో ఒకవైపు బెజవాడ, మరొకవైపు హుబ్లీ, మర్మగోవాల నుంచి మీటరు గేజి దారులు వచ్చి కలిశాయి. పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారు. బ్రాడ్ గేజిలో అది 1,676 మిల్లీమీటర్లు, మీటరు గేజిలో 1,000 మిల్లీమీటర్లు కావడంతో ఒకదాని మీది బండి మరొకదాని మీదికి పోలేదు. అందువల్ల ఒక దారిన వచ్చి మరో దారిన పోవలసిన బస్తా, పెట్టె, సైకిలు ప్రతిదీ ఇక్కడ మనుషుల చేతులమీదుగా దిగి, ప్లాట్‌ఫారం దాటి, మళ్ళీ ఎక్కవలసి వచ్చేది. 1990ల దశకంలో మీటరు గేజి దారులను బ్రాడ్ గేజికి మార్చే వరకు ఇదే పరిస్థితి. బండి నడుస్తున్నప్పుడు కంటె చేతులు మారే చోటనే వస్తువు ఎక్కువగా దెబ్బతింటుందన్న విషయం ఇటువంటి కూడలిలో పనిచేసిన హమాలీలకూ పార్శిలు గుమాస్తాలకూ నిత్యానుభవం. విమానప్రయాణంలోనూ ఒంటిచక్రానికి ప్రమాదం పది కిలోమీటర్ల ఎత్తున ఆకాశంలో లేదు. నేలమీద కన్వేయరు బెల్టు మలుపులలో, సామాను బండి నుంచి విమానపు అరలోకి విసిరే క్షణంలో ఉంది.

ఒంటిచక్రానికి ఒకే జన్మదినం నిర్ణయించడం సాధ్యం కాదు. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపిన కొయ్యబండికి పెడళ్ళు లేవు. నేలను కాళ్ళతో తన్నుకుంటూ పోవడమే. 1860లలో పారిస్‌లో ముందు చక్రపు ఇరుసుకే పెడళ్ళు బిగించారు. అప్పుడు పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది కనుక, వేగం కావాలంటే చక్రం పెద్దదవడం ఒక్కటే మార్గం. బరువైన కొయ్య ఆకులతో అంత పెద్ద చక్రం చేయడం కష్టం. సన్నని ఉక్కు తీగలను బిగించి లాగి కట్టే పద్ధతి వచ్చాక, ముఖ్యంగా 1874లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ స్టార్లీ ఆ తీగలను హబ్బు అంచుకు స్పర్శరేఖలుగా అమర్చే పద్ధతికి పేటెంటు పొందాక, మనిషి ఛాతీ ఎత్తు వచ్చే ముందు చక్రం, వెనుక ఒక చిట్టిచక్రం ఉన్న సైకిళ్ళు వీధులకెక్కాయి. వీటిపై ముందుకు ఒరిగితే చిట్టిచక్రం నేల నుంచి లేచిపోయేది. అలా లేచినప్పుడు పడకుండా ముందు చక్రం మీదే నిలవడం నేర్చినవారు వెనుక చక్రం అనవసరమని గుర్తించడంతో ఒంటిచక్రం పుట్టిందన్నది విస్తృతంగా చెప్పుకునే వివరణ. ఇది నమ్మదగినదే గాని పూర్తి కథ కాదు. ఆ ఎత్తైన సైకిళ్ళు రాజ్యమేలడానికి ముందే, 1869లో, అమెరికాలో ఫ్రెడరిక్ మైయర్స్ ఒంటిచక్రపు బండికి పేటెంటు కోరాడు. ఆలోచన ముందు, దానిని మోయగల చక్రం తరువాత వచ్చాయని అనుకోవడమే సమంజసం.

1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలుకు గొలుసు వాడి వేగాన్ని చక్రపు పరిమాణం నుంచి విడదీయడంతో రెండు చక్రాల సైకిలు నేటి రూపానికి వచ్చింది. ఒంటిచక్రం మాత్రం గొలుసు లేని పాత దారిలోనే ఉండిపోయి సర్కస్ డేరాలో చేరింది. మన దేశంలో 1880లో విష్ణుపంత్ ఛత్రే స్థాపించిన కంపెనీ మొదలుకొని వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు నడిపిన కంపెనీ దాకా సర్కస్‌లు పెరిగిన కాలమే రైలుమార్గాలు విస్తరించిన కాలం కూడా. డేరాలు, స్తంభాలు, బోనులతో కదిలే బృందానికి ఒక చక్రాన్ని విప్పి మూటగట్టే అవసరం అంతగా ఉండదు. ఆ అవసరం ఒంటరి ప్రయాణికుడితో వచ్చింది. 1982లో అంతర్జాతీయ ఒంటిచక్ర సమాఖ్య ఏర్పడి, 1984లో అమెరికాలోని సిరక్యూస్‌లో మొదటి ప్రపంచ సమ్మేళనం జరిగిన తరువాత, సొంత యంత్రంతో ఖండాలు దాటి వెళ్ళడం ఈ క్రీడలో మామూలైంది.

విప్పడంలో మొదటి పని టైరులోని గాలికి సంబంధించినది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ సైకిలుకు తెచ్చిన గాలి టైరు విమానంలో పేలిపోతుందన్న భయం చాలామందికి ఉంది. లెక్క చూస్తే ఆ భయం నిలవదు. గాలి ఒత్తిడిని కొలిచే గేజి చూపేది టైరు లోపలి గాలికీ బయటి గాలికీ ఉన్న తేడా మాత్రమే. సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న గుంతకల్లులో వాతావరణం చదరపు అంగుళానికి సుమారు 14 పౌన్ల ఒత్తిడి కలిగిస్తుంది. టైరులో గేజి 40 పౌన్లు చూపితే లోపలి అసలు ఒత్తిడి 54 అవుతుంది. ప్రయాణికుల విమానంలో సామాను అరలో కూడా కూర్చునే చోట ఉన్నంత ఒత్తిడినే ఉంచుతారు. అది తగ్గితే సుమారు 11 పౌన్లకు, అంటే ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉండేంతకు తగ్గుతుంది. అప్పుడు గేజి 43 చూపుతుంది, పెరిగినది మూడు పౌన్లు. అదే టైరు 27 డిగ్రీల ఉదయం గాలి నింపుకొని, మే నెల మధ్యాహ్నం గుంతకల్లు ఎండలో నిలబడి 60 డిగ్రీలకు వేడెక్కిందనుకుంటే, ఘనపరిమాణం మారని వాయువు ఒత్తిడి పరమ ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది కనుక లోపలి 54 పౌన్లు సుమారు 60 అవుతుంది. పెరుగుదల ఆరు పౌన్లు, ఆకాశంలో కలిగిన దానికి రెట్టింపు. రాయలసీమ ఎండలో పేలని టైరు విమానంలో పేలదు. అయినా చాలా విమానసంస్థలు గాలి తగ్గించమని కోరతాయి కాబట్టి సగం తీయడం మంచిది. పూర్తిగా తీయడం మాత్రం పొరపాటు, ఎందుకంటే మిగిలిన సగం గాలి రిమ్ముకు ఖర్చులేని మెత్తగా పనిచేస్తుంది.

పెడళ్ళు విప్పే చోట ఈ యంత్రంలోని అత్యంత సూక్ష్మమైన ఆలోచన ఎదురవుతుంది. కుడి పెడలుకు మామూలు మర, ఎడమ పెడలుకు తిరగమర, అంటే అపసవ్యంగా తిప్పితే బిగిసే మర ఉంటాయి. పెడలు తొక్కేటప్పుడు బేరింగు రాపిడి మరను తిప్పుతుందని అనుకుంటే ఈ ఏర్పాటు తలకిందులుగా కనిపిస్తుంది. అసలు కారణం వేరు. మరకూ రంధ్రానికీ మధ్య కంటికి కనిపించనంత సందు ఉంటుంది. పాదపు బరువు ఎప్పుడూ కిందికే ఉండగా క్రాంకు తిరుగుతూ ఉంటుంది కనుక, పెడలు కడ్డీ రంధ్రపు గోడమీద దొర్లుతూ క్రాంకుకు సాపేక్షంగా మెల్లగా తిరుగుతుంది. పిడికిట్లో వదులుగా పట్టిన పెన్సిలు కొసతో గాలిలో వృత్తం గీస్తే పెన్సిలు తన చుట్టూ తాను వ్యతిరేక దిశలో తిరగడం ఇదే సూత్రం. ఆ దొర్లుడు వదులు చేయకుండా బిగించేటట్లు మర దిశను ఎంచుకున్నారు. 1900లో అమెరికాలోని డేటన్ నగరంలో ఇద్దరు సైకిలు దుకాణదారులు, తమ పెడళ్ళు ఊడిరావని చెబుతూ ఇటువంటి జంట మరలను ప్రకటించారు. వారు విల్బర్, ఆర్విల్ రైట్ సోదరులు. మూడేళ్ళ తరువాత, 1903 డిసెంబరు 17న, వారి విమానం గొలుసులూ పళ్ళచక్రాలూ తిప్పిన ప్రొపెల్లర్లతో, సైకిలు హబ్బులు అమర్చిన బండి మీద నుంచి పైకి లేచింది. విమానప్రయాణానికి ఒంటిచక్రాన్ని సర్దేవారు ఎడమ పెడలు విప్పేటప్పుడు పానాను సవ్యదిశలో తిప్పవలసి రావడం వెనుక ఈ చరిత్ర ఉంది.

క్రాంకుల సంగతి ఇంత సులువు కాదు. మన దేశపు మామూలు సైకిలులో క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది కాటరు పిన్ను, ఒక వైపు చెక్కిన ఇనుప మేకు. దానిని తీయడానికి సుత్తెదెబ్బ కావాలి, రెండు మూడు సార్లు తీస్తే అది వంగిపోతుంది. 1933లో స్ట్రాంగ్‌లైట్ అనే ఫ్రెంచి సంస్థ కాటరు పిన్ను లేని పద్ధతి తెచ్చింది. ఇరుసు కొన నలుపలకలుగా, కొద్దిగా కుచించుకుపోయేటట్లు ఉంటుంది. దానిమీదికి అల్యూమినియం క్రాంకును బోల్టుతో ఎక్కిస్తే రాపిడి వల్లనే అది పట్టుకుంటుంది. తీయడానికి క్రాంకు పుల్లరు అనే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. ప్రతిసారీ తీసి ఎక్కించినప్పుడు మెత్తని అల్యూమినియం మరికొంచెం లోపలికి జారుతుంది కనుక, అవసరం లేనిదే క్రాంకులను ముట్టుకోకపోవడమే మంచి పద్ధతి. అవి చక్రపు వ్యాసార్ధం కంటె పొట్టివి, చక్రానికి ఆనుకుని ఉండేవి. పెట్టె మందాన్ని కొంచెం పెంచుతాయి గాని పొడవును పెంచవు.

పొడవు లెక్కకు కారణం విమానసంస్థల కొలత. చాలా అంతర్జాతీయ ప్రయాణాలలో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను కూడితే వచ్చే మొత్తం 158 సెంటీమీటర్లు దాటకూడదు. గుండ్రని వస్తువుకు ఈ నియమం కఠినమైనది, ఎందుకంటే చక్రపు వ్యాసం పొడవులోనూ వెడల్పులోనూ రెండుసార్లు లెక్కకు వస్తుంది. 20 అంగుళాల ఒంటిచక్రానికి టైరుతో కలిపి వ్యాసం దాదాపు 50 సెంటీమీటర్లు. రెండుసార్లు కూడితే 100, మందానికి ఇంకా 58 మిగులుతాయి కనుక చట్రం, సీటు కూడా సుఖంగా ఇముడుతాయి. 29 అంగుళాల చక్రానికి సుమారు 74 సెంటీమీటర్ల వ్యాసం రెండుసార్లు కలిపి 148. హబ్బు వెడల్పుతోనే హద్దు దాటుతుంది. 36 అంగుళాల దూరప్రయాణపు ఒంటిచక్రం రెండు వ్యాసాలతోనే 180 దాటుతుంది. గొలుసు లేకపోవడం వల్ల వేగం కోసం చక్రాన్ని పెంచక తప్పని ఆ పాత బంధమే, ఇక్కడ అదనపు రుసుముగా మారి ఎదురవుతుంది. బరువు మాత్రం ఇబ్బంది కాదు. 20 అంగుళాలది అయిదారు కిలోలే కనుక దేశీయ ప్రయాణాలలో సాధారణంగా అనుమతించే 15 కిలోలలోనూ ఒదుగుతుంది.

సీటు కడ్డీని క్షణంలో వదిలించే మీట లోపల కేమ్ అనే కేంద్రం తప్పిన గుండ్రని ముక్క తిరుగుతుంది. 1930లో ఇటలీ వాడైన తుల్లియో కాంపన్యోలో పేటెంటు పొందిన చక్రపు మీట దీనికి పూర్వీకుడు. చక్రాన్ని చట్రం నుంచి వదిలించడానికి రెండు కాళ్ళ కొసన బేరింగును పట్టి ఉంచే మూతల బోల్టులు తీస్తే చాలు. అప్పుడు ఖాళీ అయిన ఆ కాళ్ళ మధ్య, పక్కనుంచి నొక్కితే అవి లోపలికి వంగుతాయి కనుక, ఇరుసు వెడల్పుకు సరిపడే కొయ్యముక్క బిగించాలి. చక్రానిదీ అదే బలహీనత. లాగి కట్టిన తీగల చక్రం పైనుంచి పడే బరువును తన కంటె అనేక రెట్లు మోస్తుంది, పక్కనుంచి వచ్చే ఒత్తిడికి మాత్రం వంగిపోతుంది; దానిని పడుకోబెట్టి పైన బరువు పెట్టడం కంటె నిలబెట్టి కట్టడం మేలు. ఇరుసు కొసలు అట్టపెట్టెను చీల్చకుండా రెండు పక్కలా మందమైన అట్ట, గోనెపట్టా పెట్టాలి. గుంతకల్లు పార్శిలు కార్యాలయాల దగ్గర సైకిళ్ళకు గోనెపట్టాలు చుట్టే పద్ధతి ఇక్కడా పనికివస్తుంది. పానాలు చేతిసంచిలో కాక అప్పగించే పెట్టెలోనే ఉండాలి. సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు నిండిన ఈ మెట్టనేలలో పంక్చరు సామాను విడవరానిదే అయినా, ట్యూబుకు పూసే రబ్బరు సొల్యూషన్ మండే ద్రవం కనుక దానిని ఇంటి దగ్గరే వదలాలి. ముందే జిగురు ఉన్న అతుకుముక్కలను తీసుకుపోవచ్చు.

తాను తానుగా నిలబడే విద్యుత్ ఒంటిచక్రం ఇటీవలి కాలపు సంతానం. గైరోస్కోపులు వంపును గ్రహించి మోటారు వేగాన్ని మారుస్తాయి. సర్దడానికి అది మరింత సులువుగా కనిపిస్తుంది, కాని దాని లిథియం బ్యాటరీ విమానానికి పనికిరాదు. బ్యాటరీ సామర్థ్యాన్ని వోల్టులనూ ఆంపియర్ గంటలనూ గుణించి వాట్ గంటలలో చెబుతారు. 60 వోల్టుల, 8 ఆంపియర్ గంటల బ్యాటరీ 480 వాట్ గంటలు. దివ్యాంగుల బండ్లకు తప్ప ప్రయాణికుల సామానుకు ఉన్న పైహద్దు 160. కాళ్ళతో తొక్కే పాత యంత్రానికి ఉన్న ఈ స్వేచ్ఛ కొత్తదానికి లేదు.

దిగిన చోట తిరిగి బిగించేటప్పుడు ఒంటిచక్రం మోసం చేసేది తన సమరూపంతోనే. కుడి ఎడమలు లేని వస్తువులా కనిపించే ఆ చక్రాన్ని చట్రంలో తిప్పి పెడితే, ఎడమ క్రాంకు కుడికి వస్తుంది. అప్పటి దాకా పెడళ్ళను బిగించిన దొర్లుడే వాటిని వదులు చేయడం మొదలుపెట్టి కొన్ని కిలోమీటర్లలో క్రాంకు మరలను నాశనం చేస్తుంది. పెడళ్ళ కొసన, క్రాంకుల మీద ఉన్న ఎల్, ఆర్ అక్షరాలు చూసి, సీటు ముందుభాగాన్ని వాటికి అనుగుణంగా నిలిపి, బేరింగు మూతలను చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మట్టుకే బిగించి, మొదటి కొద్ది దూరం తొక్కిన తరువాత క్రాంకు బోల్టులనూ పెడళ్ళనూ మరోసారి పానాతో పరీక్షించాలి.