పట్టు నేర్చిన నాయకుడు, విడుపు నేర్చిన వృద్ధుడు
(కొలంబియా నేత లౌరియానో గోమెజ్ జీవితం)

మనిషికి పట్టు ఉండాలి, విడుపూ ఉండాలి అంటారు మన పెద్దలు. పట్టు చాలామందికి పుట్టుకతోనే వస్తుంది. విడుపు అలవడేసరికి తల నెరుస్తుంది. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశానికి 1950లో అధ్యక్షుడైన లౌరియానో గోమెజ్ చరిత్ర ఇందుకు తగిన ఉదాహరణ. ఆయన పేరు మన వైపు అంతగా వినబడదు. కాని ఆ జీవితంలో మనం ఆలోచించదగిన సంగతులు చాలా ఉన్నవి.

కొలంబియాలో వందేళ్లకు పైగా రెండే పెద్ద పక్షాలుండేవి. కన్సర్వేటివులు కేథలిక్ మతపీఠాన్నీ, పాత కట్టుబాట్లనూ బలపరచేవారు. లిబరలులు మతాన్ని ప్రభుత్వంనుండి వేరుచేయాలనేవారు. పక్షం అక్కడ ఇంటిపేరు వంటిది. తండ్రిది ఏ పక్షమో కొడుకుదీ అదే. ఊళ్లకు ఊళ్లే ఒక పక్షానివిగా ఉండేవి. అందుచేత ఎన్నికల తగాదా దాయాదుల పగవలె తరతరాలు సాగింది. 1899 నుండి 1902 వరకు జరిగిన అంతర్యుద్ధానికి 'వేయి దినాల యుద్ధం' అని పేరు. అది మొదలైనప్పుడు మన కథానాయకునికి పదేళ్లు.

గోమెజ్ 1889 ఫిబ్రవరి 20వ తేదీన రాజధాని బొగొటాలో జన్మించారు. జెస్యూట్ గురువుల వద్ద చదువుకుని, 1909లో ఇంజనీరు పట్టా పుచ్చుకున్నారు. కాని కొలబద్ద కంటె కలమే ఆయనకు ప్రియమైంది. అదే సంవత్సరం ఒక పత్రిక ప్రారంభించారు. రెండేళ్లు తిరగకుండానే శాసనసభలో ప్రవేశించారు. 1925లో మరమ్మతు శాఖ మంత్రిగా రోడ్లు, రైలుమార్గాల పని చూశారు.

ఆయన ఉపన్యాసానికి లేస్తే మంత్రులు గడగడలాడేవారట. స్వపక్షం వారినైనా విడిచేవారు కారు. లిబరల్ నాయకుడు అల్ఫోన్సో లోపెజ్ ఆయనకు పాత స్నేహితుడు. లోపెజ్ అధ్యక్షుడు కాగానే ఆ స్నేహం అక్కరకు రాలేదు. 1936లో స్థాపించిన 'ఎల్ సిగ్లో' పత్రికలో గోమెజ్ వ్రాసిన వ్రాతల ధాటికి, ఇతర చిక్కులు కూడా తోడై, లోపెజ్ 1945లో పదవి వదులుకోవలసి వచ్చింది. లిబరలుల చేతిలో 18 లక్షల దొంగ ఓటరు కార్డులున్నవని గోమెజ్ ఊరూరా చెప్పేవారు. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వాన్ని మెచ్చుకునేవారు. పెద్దలు వేదికపై ఇలా మాట్లాడుతుంటే పల్లెల్లో సామాన్యులు కత్తులు నూరుకున్నారు.

1948 ఏప్రిల్ 9న లిబరలుల ప్రియతమ నాయకుడు గైతాన్ బొగొటా నడివీధిలో హత్యకు గురైనాడు. నగరం తగలబడింది. అప్పుడు విదేశాంగ మంత్రిగా ఉన్న గోమెజ్ పత్రికా కార్యాలయాన్నీ, ఇంటినీ జనం కాల్చివేశారు. ఆయన స్పెయిన్ వెళ్లిపోయి, మరుసటి సంవత్సరం తిరిగివచ్చి, నవంబరులో అధ్యక్ష పదవికి నిలబడ్డారు. హింసాకాండ మధ్య లిబరలులు ఎన్నికను బహిష్కరించారు. పోటీ లేకుండానే గోమెజ్ నెగ్గారు.

1950 ఆగస్టు 7న పదవి స్వీకరించారు. ప్రభుత్వ చమురు సంస్థ 1951లో ఏర్పడింది. కొరియా యుద్ధానికి దక్షిణ అమెరికానుండి సైన్యం పంపిన దేశం కొలంబియా ఒక్కటే. కాని పల్లెల్లో మారణహోమం ఆగలేదు. ఆ దశాబ్దపు హింసలో సుమారు 2 లక్షలమంది చనిపోయారని అంచనా. ఈ రక్తపాతంలో గోమెజ్ మాటలకు వాటా లేదని ఆయన అభిమానులు కూడా గట్టిగా అనలేరు.

1951 చివర గుండెజబ్బు వచ్చి, పదవిని మరొకరికి అప్పగించి ఇంటిపట్టున ఉన్నారు. సైనికులు ఒక పారిశ్రామికుణ్ణి పట్టుకుని హింసించారని తెలిసి, సేనాపతి రోహాస్‌ను తొలగించడానికి 1953 జూన్ 13న మళ్లీ అధికారం చేపట్టారు. ఆనాడే రోహాస్ ఆయనను దింపి గద్దె ఎక్కినాడు. లిబరలులే కాదు, గోమెజ్ స్వపక్షంలో చాలామంది కూడా చప్పట్లు కొట్టారు. వృద్ధుడు దేశం విడిచి స్పెయిన్ చేరుకున్నారు.

నియంత ఎవరికీ చుట్టం కాడు. 1955లో లిబరలుల పెద్ద పత్రిక 'ఎల్ తియెంపో' మూతబడింది. అప్పుడు లిబరల్ నాయకుడు, మాజీ అధ్యక్షుడు అల్బెర్తో లేరాస్ ఒక సాహసం చేశారు. తనకంటె పదిహేడేళ్లు పెద్దవాడూ, బద్ధవిరోధీ అయిన గోమెజ్‌ను వెతుక్కుంటూ సముద్రం దాటి వెళ్లారు. 67 ఏళ్ల గోమెజ్ తలుపు వేయలేదు. 1956 జూలై 24న బెనిడార్మ్ అనే సముద్రతీర పట్టణంలో ఇద్దరూ కలిసి సంతకాలు చేశారు. మరుసటి మే నెలలో రోహాస్ పతనమైనాడు. 1957 జూలై 20న సిచెస్‌లో రెండవ ఒప్పందం కుదిరింది.

ఒప్పందం సంగతి వింటే ఆశ్చర్యమేస్తుంది. శాసనసభలో సీట్లు చెరిసగం, మంత్రి పదవులు చెరిసగం, ప్రభుత్వోద్యోగాలు కూడా చెరిసగం. ఉద్యోగం పోతుందన్న భయమే పక్షద్వేషానికి సగం ఇంధనం కాబట్టి ఆ ఏర్పాటు. 1957 డిసెంబరు 1న ప్రజలు దీనిని అత్యధిక సంఖ్యతో ఆమోదించారు. ఆ దేశంలో స్త్రీలు మొదటిసారి ఓటు వేసిందీ ఆనాడే. అధ్యక్ష పదవి కూడా వంతులవారీగా మారాలని తర్వాత నిర్ణయమైంది. 1958 ఆగస్టు 7న లేరాస్ అధ్యక్షుడైనప్పుడు ప్రమాణం చేయించింది శాసనసభాధ్యక్షుడు గోమెజే!

ఆ ఏర్పాటు 1974 వరకు నడిచింది. రెండు పక్షాల నరకులాట చాలవరకు అణగింది. అయితే ఇద్దరు పంచుకున్న విస్తట్లో మూడవవానికి చోటు లేకపోయింది. 1964నుండి గెరిల్లా దళాలు తలెత్తాయి. 1970 ఎన్నికలో రోహాస్‌ను మోసంతో ఓడించారన్న కోపం నుంచి ఎం-19 అనే సాయుధ దళం పుట్టింది.

గోమెజ్ 1965 జూలై 13న కన్నుమూశారు. ఆయన కుమారుడు అల్వారోను 1988లో ఆ ఎం-19 వారే ఎత్తుకుపోయి కొన్ని వారాలు నిర్బంధించారు. మూడేళ్లకు వారు ఆయుధాలు దించి, కొత్త రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1991లో ఆ సభకు ముగ్గురు అధ్యక్షులు: ఒక లిబరల్, ఎం-19 నాయకుడు, మూడవవారు అల్వారో గోమెజ్. తండ్రి ముసలితనంలో నేర్చిన విద్యను కొడుకు మరిచిపోలేదు. కాని పగ ఆయనను మరిచిపోలేదు. 1995 నవంబరు 2న బొగొటాలో ఆయన తుపాకి గుండ్లకు బలియైనారు.

లౌరియానో గోమెజ్‌ను నిండు మనసుతో పొగడడం కష్టం, పూర్తిగా తీసిపారేయడమూ కష్టం. శత్రువు ఇంటికి వచ్చినప్పుడు చేయి చాచగలగడం గొప్ప గుణమే. అదే చేయి పదేళ్ల ముందు చాచివుంటే ఎన్ని ఇళ్లలో దీపాలు నిలిచేవో! విడుపు నేర్చుకోవడానికి ముసలితనం దాకా ఆగనక్కరలేదు.