మీకు తెలుసా? తొలి క్రైస్తవుల గురించి ఓ రోమన్ గవర్నరు ఉత్తరం

తొలినాటి క్రైస్తవుల ఆరాధన గురించిన విలువైన సాక్ష్యం ఒకటి వాళ్లను శిక్షించిన అధికారి కలం నుంచే వచ్చింది. ఆయన పేరు ప్లినీ. క్రీ.శ. 112 ప్రాంతంలో నేటి ఉత్తర టర్కీలోని బితూనియ, పొంతు ప్రాంతాలకు గవర్నరు. మొదటి పేతురు పత్రిక తొలి వచనంలో ఈ ప్రాంతాల పేర్లు కనిపిస్తాయి.

క్రైస్తవులను ఏం చేయమంటారని ఆయన రోమన్ చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాసి అడిగాడు. వాళ్ల గురించి తనకు తెలిసింది కూడా అందులో రాశాడు. వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారట. క్రీస్తును దేవుడిగా కీర్తిస్తూ పాడతారట. దొంగతనం, వ్యభిచారం చేయబోమని, మాట తప్పబోమని ప్రమాణం చేస్తారట. తర్వాత మళ్లీ కలిసి మామూలు భోజనమే చేస్తారట.

నిజం రాబట్టడానికి ప్లినీ ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింసలు పెట్టాడు. వాళ్లు ఆ సంఘంలో పరిచారకులు. వాళ్ల పేర్లయినా ఆయన రాయలేదు. రోమన్ సమాజం అట్టడుగున ఉంచిన ఆడవాళ్లకు ఆ సంఘం బాధ్యత అప్పగించిందన్నమాట! ఈ ఒక్క సంగతి కోసమైనా ఆ ఉత్తరం చదవాలి.

ట్రాజన్ జవాబు కూడా మిగిలింది: క్రైస్తవుల కోసం వెతకొద్దు, నేరం రుజువైతే శిక్షించు, మన దేవుళ్లను పూజిస్తే క్షమించు, ఆకాశరామన్న ఉత్తరాలను మాత్రం పట్టించుకోవద్దు.