సీతాఫలం సముద్రం దాటాలంటే...

దసరా దగ్గర పడుతోందంటే చాలు... షాద్‌నగర్‌ నుంచి జడ్చర్ల దాకా జాతీయ రహదారి పక్కన సీతాఫలాల గంపలు వెలుస్తాయి. బాలానగర్‌ దగ్గరైతే మరీను. గుట్టలెక్కి కాయ తెంపుకొచ్చిన తండాల ఆడవాళ్లు, బేరగాళ్లు, బ్రేకు వేసి ఆగే కార్లు. కన్ను విచ్చుకున్న కాయ కనిపించాక దాటిపోవడం ఎవరికైనా కష్టమే.

అదే సీతాఫలం అమెరికాలోని ఇండియన్‌ స్టోర్లలోనూ కనిపిస్తుంది. ఫ్రీజర్‌ తలుపు తీస్తే మునక్కాడ ముక్కలు, దొండకాయలు, పరోటాలు... వాటి పక్కనే రాయిలా గడ్డకట్టిన సీతాఫలం గుజ్జు ప్యాకెట్లు. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నలు చాలామంది చూసే ఉంటారు. ఇంకో సంగతి మాత్రం వాళ్లలో కొందరికే తెలుసు. దేశంలో సీతాఫలం తోటలు పెట్టేవాళ్లు నాటే పేరున్న రకాల్లో ఒకటి ‘బాలానగర్‌’. పాలమూరు జిల్లాలోని ఊరి పేరే అది. మహారాష్ట్ర రైతులూ ఆ పేరుతోనే మొక్కలు కొంటారు. పేరు అంత దూరం వెళ్లింది. గుట్ట మీద కాయ తెంపే మనిషికి దక్కేది మాత్రం ఇప్పటికీ గంప ధరే, అదీ సాయంత్రానికల్లా అమ్ముడుపోతేనే!

పండుకూ ఊపిరుంటుంది

తెంపినంత మాత్రాన పండు చచ్చిపోదు. గాలి పీలుస్తూ, వేడి వదులుతూనే ఉంటుంది. చల్లబెడితే ఆ ఊపిరి నెమ్మదిస్తుంది, మాగడం ఆలస్యమవుతుంది. అలాగని ఎంత చల్లగా ఉంచితే అంత మంచిదనుకుంటే పొరపాటే. కొల్లాపూర్‌ మామిడిని 12, 13 డిగ్రీల దగ్గర ఆపాలి. ఇంకా కిందికి దించితే తొక్క మీద బూడిదరంగు మచ్చలు పడతాయి, బయటికి తీశాక సరిగా మాగదు. నల్గొండ బత్తాయి గట్టిపిండం. ఆరేడు డిగ్రీల్లో వారాల తరబడి నిలుస్తుంది.

సీతాఫలం అన్నింటికన్నా సుకుమారం. 15 డిగ్రీల దిగువకు పోతే తొక్క నల్లబడి, లోపలి గుజ్జు బిగుసుకుంటుంది. పోనీ మామూలుగా ఉంచుదామంటే మూడు నాలుగు రోజుల్లో చేతిలోనే చితికిపోతుంది. ముంబయి పక్కనున్న నవా షేవా రేవులో ఎక్కిన సరుకు అమెరికా తూర్పు తీరం చేరడానికి మూడు వారాల పైమాటే. ఆనకట్టలు కట్టడానికి పాలమూరు కూలీలు దేశమంతా తిరిగారు. పాలమూరు పండుకు మాత్రం హైదరాబాదే దూరం!

గుజ్జు తీసి డబ్బాల్లో నింపితే? చిత్తూరు తోతాపురి చేసేది అదే. గుజ్జును వేడిచేసి, సీలువేస్తే చల్లదనంతో పని లేకుండానే ఓడెక్కుతుంది. సీతాఫలం దగ్గర ఆ పప్పులుడకవు. వేడి తగిలితే గుజ్జు చేదెక్కుతుంది. ఇక మిగిలింది గడ్డకట్టించడమే.

మంచు నుంచి యంత్రం దాకా

సరుకును చల్లగా ఉంచి సముద్రం దాటించాలన్న ఆలోచన కొత్తదేం కాదు. బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్‌ ట్యూడర్‌ 1833లో అక్కడి చెరువుల మంచునే కోసి, పొట్టులో పొదిగి కలకత్తాకు పంపాడు. బయల్దేరింది 180 టన్నులు. కరిగింది కరగగా చేరింది దాదాపు 100 టన్నులు. మద్రాసులో ఆ మంచును దాచిన ఐస్‌హౌస్‌ మెరీనా ఒడ్డున ఇప్పటికీ ఉంది. వివేకానందుడు 1897లో బస చేసిన భవనం అదే.

యంత్రంతో చల్లబరచి తీసుకెళ్లిన తొలి ఓడల్లో పేరు మోసింది ‘డునెడిన్‌’. 1882లో న్యూజిలాండ్‌ నుంచి దాదాపు 5,000 గొర్రె మాంసపు కళేబరాలతో లండన్‌ బయల్దేరింది. 98 రోజుల ప్రయాణం. ఉష్ణమండలం దగ్గర ఓడ గాలి లేక ఆగినప్పుడు సరుకు గదిలో చల్లగాలి అన్ని మూలలకూ అందడం లేదని కెప్టెన్‌ విట్సన్‌ కనిపెట్టాడు. కొత్త గాలిదారులు కోయడానికి తానే లోపలికి పాకి, గడ్డకట్టిపోబోతే కాళ్లకు తాడు కట్టి బయటికి లాగారు. లండన్లో పారేయాల్సి వచ్చింది ఒక్కటంటే ఒక్క కళేబరం!

ఆయన్ను చావు దాకా తీసుకెళ్లిన ఆ గాలిదారి గొడవే ఇప్పటి రీఫర్‌ కంటెయినర్‌కూ ప్రాణం. 40 అడుగుల పెట్టె. గోడల నిండా ఫోమ్‌. అడుగున గాడులు. ఒక చివరనున్న యంత్రం చల్లగాలిని ఆ గాడుల గుండా తోస్తుంది, అది సరుకు మధ్య నుంచి పైకి లేస్తుంది. పండ్ల అట్టపెట్టెలకు చిల్లులుండేది అందుకే. రోడ్డు మీద డీజిల్‌ జనరేటర్‌, రేవులోనూ ఓడలోనూ కరెంటు ప్లగ్గు.

అయితే ఒక మెలిక ఉంది. రీఫర్‌ చల్లదనాన్ని నిలబెట్టే పెట్టెే తప్ప, వేడి సరుకును చల్లబరిచే పెట్టె కాదు. మే నెల ఎండలో 42 డిగ్రీల్లో తెంపిన కొల్లాపూర్‌ మామిడిని అలాగే లోపలికి తోస్తే రోజుల తరబడి యంత్రం తిరిగినా నడిమి పెట్టెల్లో వేడి దిగదు. తోట దగ్గరే, గంటల్లోనే చల్లబరచాలి. ఓడ సంగతి ఆ తర్వాత.

మామిడి ఓడెక్కితే కలిసొచ్చేది చాలానే. అమెరికా 2007లో మన మామిడికి మళ్లీ తలుపు తెరిచాక పండ్లు విమానాల్లోనే వెళ్లేవి. ఛార్జీలకే చాలా డబ్బు పోయేది. 2022 వేసవిలో ముంబయి పక్క వాషిలో వికిరణ చికిత్స చేసిన పదహారున్నర టన్నుల మామిడిని ప్రయోగంగా కంటెయినర్‌లో పంపితే దాదాపు 25 రోజులకు అమెరికాలోని నెవార్క్‌ రేవు చేరింది. కొల్లాపూర్‌ రైతుకూ ఆ దారి అసాధ్యం కాదు.

బత్తాయిది మరో కథ. ప్రయాణానికి దానికి ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా రంగుతోనే. కమలాజాతి పండుకు నారింజ రంగు రావాలంటే రాత్రిళ్లు చలి పడాలి. నల్గొండ వేడికి తొక్క పచ్చగానే ఉండి లోపల రసం నిండుతుంది. మనకు అది తెలుసు. స్పెయిన్‌, ఈజిప్టుల నారింజలకు అలవాటుపడిన కొనుగోలుదారుకు పచ్చ తొక్క పచ్చికాయే.

(ఈ జిల్లాల నుంచి ఏ చల్లదనమూ లేకుండా ఓడెక్కే సరుకూ ఉంది... గెర్కిన్‌ దోస. ఉప్పునీళ్ల డ్రమ్ముల్లో దర్జాగా వెళ్తుంది. ఆవకాయ రహస్యమే దానిదీ!)

గింజ తీసే చేతులు

మళ్లీ సీతాఫలం దగ్గరికొద్దాం. గుజ్జు తీయడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. పండు బరువులో గుజ్జు సగానికి అటూ ఇటూ. గింజ నలగకూడదు. తొక్కకు అంటుకున్న ఇసుక పలుకుల్లాంటి పొర రాకూడదు, వస్తే రుచి చెడుతుంది. గాలి తగిలితే తెల్లటి గుజ్జు గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే విటమిన్‌-సి కలిపి, వెంటనే గడ్డకట్టిస్తారు. ఇందులోనూ వేగమే ముఖ్యం. ఇంటి ఫ్రీజర్‌లో లాగా మెల్లగా గడ్డకడితే పెద్ద మంచు పలుకులు ఏర్పడి కణాలను చీల్చేస్తాయి, కరిగాక నీళ్లు వేరు, పీచు వేరు. సున్నాకు 30, 40 డిగ్రీల దిగువన గాలి వీచే గదిలో గబగబా గడ్డకడితే సన్నటి పలుకులు వస్తాయి, గుజ్జు గుజ్జులాగే ఉంటుంది. ఆ తర్వాత చివరిదాకా మైనస్‌ 18. ఈ అంకె ఎందుకంటే... ఫారెన్‌హీట్‌ కొలతలో అది సున్నా!

ఇదంతా జరిగితే గుట్ట మీది కాయకు సాయంత్రం గడువు ఉండదు. కన్ను విచ్చుకుని రెండో రోజుకు ఎవరూ ముట్టని పండు, గుజ్జుగా మారి నెలల తరబడి నిలుస్తుంది. సీజన్‌ ముమ్మరంగా ఉన్నప్పుడు ధర పడిపోతే ఎదురుచూసే వీలుంటుంది. కావాల్సింది గుట్టకు దగ్గర్లో ఒక చల్లటి గది, ఆగని కరెంటు, గింజ తీసే ఒడుపున్న చేతులు. చేతులకు తండాల్లో కొదవ లేదు. కరెంటుతో మాత్రం జాగ్రత్త. ఒకసారి కరిగిన గుజ్జును మళ్లీ గడ్డకట్టించి ఎవరినీ మోసం చేయలేం. పలుకులు పెద్దవై, నోట్లో పెట్టగానే తెలిసిపోతుంది.

పాలమూరు నుంచి నవా షేవాకు సుమారు 700 కిలోమీటర్లు. దారిలో డ్రైవరు భోజనానికి ఆగి డీజిల్‌ మిగులుతుందని జనరేటర్‌ కట్టేస్తే అడిగేవాళ్లుండరు. కానీ సరుకు మధ్య అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి ప్రతి కొన్ని నిమిషాలకూ ఉష్ణోగ్రత రాసుకుంటూ ఉంటుంది. అవతలి రేవులో కొనేవాడు తలుపు తీయగానే గుజ్జు రుచి చూడడు. ముందు ఆ యంత్రాన్ని కంప్యూటర్‌కు తగిలించి, గీత ఎక్కడ పైకి లేచిందో చూస్తాడు.